చార్టు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: ‘బీట్ ఇట్’ మూడు వారాలు

ఈసారి చార్టులో జోరుగా ఎక్కుతున్న పాటల పక్కన పెట్టే బులెట్ గుర్తుల గురించి చెప్తానని పోయిన పాఠంలో మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా. మైకేల్ జాక్సన్ పాట ‘బిల్లీ జీన్’ మీద ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక, అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయని అర్థమైంది.

ఎక్కువ జవాబుల్లో మూడు తప్పులు కనిపించాయి. మొదటిది, ‘బిల్లీ జీన్’ 6 వారాలు నంబర్ వన్‌గా ఉందని రాయడం. రెండోది, 7 అని సరిగ్గా లెక్కపెట్టినవాళ్లు కూడా, దాని తర్వాత అతని ‘బీట్ ఇట్’ 3 వారాలు ఉంది కాబట్టి మైకేల్ జాక్సన్ వరసగా 10 వారాలు నంబర్ వన్ అని రాయడం. మూడోది, 7 వారాలు ఉన్న పాట 3 వారాలు ఉన్న పాట కంటే రెట్టింపుకు పైగా అమ్ముడైందని తేల్చేయడం. మొదటి రెండూ తేలిగ్గా సరిచేసుకోవచ్చు. మూడోదాని మీద మాత్రం ఈ పాఠంలో చాలాసేపు కూర్చుంటాను. ఎందుకంటే అది పోకపోతే ఇక ముందు చెప్పబోయేదేదీ బుర్రకెక్కదు.

హాట్ 100 అంటే బిల్‌బోర్డ్ అనే అమెరికా సంగీత పత్రిక వారం వారం వేసే నూరు పాటల వరస. అంతకు మించి మళ్లీ చెప్పను. నోటు పుస్తకం తీయండి.

ముందు వారాల లెక్క. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 చార్టులో ‘బిల్లీ జీన్’ మొదటి స్థానానికి వచ్చింది 1983 మార్చి 5 నాటి చార్టులో. చివరిసారి అక్కడ కనిపించింది ఏప్రిల్ 16 నాటి చార్టులో. మార్చి 5 నుంచి ఏప్రిల్ 16కి 42 రోజులు. ఏడుతో భాగిస్తే 6. చాలామంది అక్కడే ఆగిపోయారు. కానీ మనం లెక్కపెట్టాల్సింది రెండు తేదీల మధ్య దూరాన్ని కాదు, చార్టుల్ని. మార్చి 5, 12, 19, 26, ఏప్రిల్ 2, 9, 16. వేళ్ల మీద పెట్టి చూడండి, 7 చార్టులు. నా పద్ధతి ఒక్కటే: రోజుల్ని ఏడుతో భాగించి ఒకటి కలుపుతాను. ‘బీట్ ఇట్’కీ అంతే. ఏప్రిల్ 30 నుంచి మే 14 దాకా 14 రోజులు, అంటే 2, దానికి ఒకటి కలిపితే 3. ఈ సూత్రం వరసగా ఉన్న వారాలకే పనిచేస్తుంది. పాట మధ్యలో దిగి మళ్లీ ఎక్కితే వేళ్లే గతి.

ఇంకో చిన్న మాట. సంచిక మీద అచ్చయిన శనివారం తేదీకి ముందే ఆ సంచిక బజారులోకి వచ్చేది. అందులోని లెక్క ఇంకా ముందటి రోజులది. అందుకే “ఏప్రిల్ 30న నంబర్ వన్ అయింది” అని రాయకండి, “ఏప్రిల్ 30 నాటి చార్టులో నంబర్ వన్” అని రాయండి. అలవాటైపోతే మీకే హాయిగా ఉంటుంది.

ఇక 10 వారాల సంగతి. ‘బిల్లీ జీన్’ ఆఖరి వారం ఏప్రిల్ 16. ‘బీట్ ఇట్’ మొదటి వారం ఏప్రిల్ 30. ఈ రెంటి మధ్య ఏప్రిల్ 23 ఉంది కదా! దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ వారం మొదటి స్థానంలో ఉన్నది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన డెక్సీస్ మిడ్‌నైట్ రన్నర్స్ బృందం పాట ‘కమాన్ ఐలీన్’. ఒక్కటంటే ఒక్క వారం. కాబట్టి జాక్సన్‌వి 7 వారాలు, తర్వాత ఒక వారం వేరేవాళ్లది, మళ్లీ జాక్సన్‌వి 3 వారాలు. మొత్తం 10 అనడంలో తప్పు లేదు. “వరసగా” అన్నదే తప్పు.

ఈ ‘కమాన్ ఐలీన్’ని అంత తేలిగ్గా వదలకండి. బ్రిటన్‌లో ఆ పాట 1982 ఆగస్టులోనే నంబర్ వన్ అయింది, అక్కడ నాలుగు వారాలు ఉంది, ఆ ఏడాది బ్రిటన్‌లో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన సింగిల్ (విడిగా అమ్మే పాట రికార్డు) కూడా అదే. అదే పాట అట్లాంటిక్ దాటి అమెరికాలో పైకి చేరేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. అది కూడా సరిగ్గా జాక్సన్ పాటలు రెండు కింద మీద నడుస్తున్న సమయంలో. నాలుగు వారాల పాట అక్కడ, ఒక వారం పాట ఇక్కడ. పాట మారలేదు. పక్కనున్న పాటలు మారాయి.

ఇక మూడో తప్పు దగ్గరికి వస్తున్నాను. నిదానంగా చదవండి.

మనకు సినిమా పోస్టర్లు చదివే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. యాభై రోజులు, వంద రోజులు, ఇన్ని సెంటర్లు అని చూడగానే రోజులు ఎక్కువైతే డబ్బు కూడా ఎక్కువ వచ్చినట్టే అనుకుంటాం. హాల్లో సినిమా ఆడిన ప్రతి రోజూ ఎంతోకొంత టికెట్లు తెగుతాయి కాబట్టి అక్కడ ఆ లెక్కకు కొంత అర్థం ఉంది. చార్టులో మొదటి స్థానానికి ఆ లెక్క అతకదు. మొదటి స్థానం అంటే ఆ వారం మిగతా 99 పాటల కంటే ముందుంది అని మాత్రమే. ఎంత ముందుంది? చార్టు చెప్పదు. పోయిన వారం నంబర్ వన్ పాట కంటే ఎక్కువ అమ్ముడైందా? అదీ చెప్పదు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఇది కేవలం ఊహే, నిజమైన అంకెలు కావు. మార్చిలో ఒక వారం మొదటి పాటకు 60 పాయింట్లు, రెండో పాటకు 40 వచ్చాయనుకోండి. మే నెలలో ఒక వారం మొదటి పాటకు 100, రెండో పాటకు 98 వచ్చాయనుకోండి. చార్టులో రెండు వారాలూ ఒకేలా కనిపిస్తాయి: 1, 2. మే నెల రెండో పాట మార్చి మొదటి పాట కంటే ఎంతో ఎక్కువ తెచ్చుకుంది, అయినా దాని చరిత్రలో “రెండో స్థానం” అనే మిగులుతుంది. ఇప్పుడు చెప్పండి, వారాల్ని వారాలతో భాగించి “రెట్టింపు” అనొచ్చా?

అసలు 1983లో ఆ చార్టు తయారైన పద్ధతి తెలిస్తే ఆ “రెట్టింపు” మాట నోటికే రాదు. ఇప్పట్లా ప్రతి అమ్మకం బార్‌కోడ్ దగ్గర నమోదై కంప్యూటర్‌లోకి చేరే రోజులు కావవి. బిల్‌బోర్డ్ ఎంచుకున్న రికార్డు దుకాణాలు తమ దగ్గర ఏవి బాగా పోతున్నాయో వరస చెప్పేవి. రేడియో స్టేషన్లు ఏ పాటలు వేస్తున్నాయో తమ జాబితాలు ఇచ్చేవి. ఆ వరసలకు పాయింట్లు కట్టి, కలిపి చార్టు వేసేవాళ్లు. అంటే లోపలికి వచ్చేదే ర్యాంకు, బయటికి పోయేదీ ర్యాంకే. కాపీల సంఖ్య ఎక్కడా లేదు. నిజంగా అమ్మిన కాపీల్ని, నిజంగా మోగిన సార్లని యంత్రాలతో లెక్కపెట్టి హాట్ 100 వేయడం మొదలైంది 1991 నవంబర్ 30 నాటి చార్టుతో.

లెక్కపెట్టే తీరు మారితే పాటల నడకే మారిపోతుంది. 1983లో కొత్త పాట మొదటి వారమే నంబర్ వన్‌లోకి దూకడం అన్నది లేనే లేదు. కింద ఎక్కడో మొదలై, దుకాణాల వరసల్లో, స్టేషన్ల జాబితాల్లో ఒక్కొక్కటిగా చేరుతూ వారం వారం ఎక్కాల్సిందే. హాట్ 100 చరిత్రలో మొట్టమొదటిసారి నేరుగా ఒకటో స్థానంలో అడుగుపెట్టిన పాట 1995 సెప్టెంబర్ 2 నాటి చార్టులో వచ్చింది. అదీ మైకేల్ జాక్సన్ పాటే, ‘యూ ఆర్ నాట్ అలోన్’. ఆ పాట ‘బీట్ ఇట్’ కంటే గొప్పదని దీని అర్థం కాదు. 1995 చార్టు 1983 చార్టు కాదని అర్థం.

అందుకే వేర్వేరు కాలాల అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చే రాతలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఇప్పటి చార్టులో స్ట్రీమింగ్ ఉంది. ఆల్బమ్‌లో ఉన్న పాటలన్నీ ఒకే వారం చార్టులోకి వచ్చేయగలవు. 1983లో పాటను విడిగా సింగిల్‌గా విడుదల చేస్తేనే హాట్ 100లో చోటు. రేడియోలో ఎంత మోగినా సింగిల్ లేకపోతే లేదు. ఆ నిబంధన 1998 డిసెంబర్ దాకా నడిచింది. పోల్చాలనుకుంటే ఒకే కాలంలోని పాటల్ని, వీలైతే ఒకే వారంలోని పాటల్ని పోల్చండి.

మరి అంకె ఏమీ చెప్పదా? చెప్తుంది. పక్కనున్నవాళ్లను అడగాలి. ‘బిల్లీ జీన్’ ఏడు వారాల్లో మూడు వారాలు రెండో స్థానంలో నిలబడి అక్కడే ఆగిపోయిన పాట కల్చర్ క్లబ్ వాళ్ల ‘డూ యూ రియల్లీ వాంట్ టు హర్ట్ మీ’. బ్రిటన్‌లో అది నంబర్ వన్ పాట. ‘బీట్ ఇట్’ వెనక మే నెలలో రెండో స్థానం దాకా వచ్చి ఆగింది గ్రెగ్ కిన్ బ్యాండ్ పాట ‘జెపర్డీ’. ‘బీట్ ఇట్’ను దించింది మే 21 నాటి చార్టులో డేవిడ్ బోవీ ‘లెట్స్ డాన్స్’. దానికీ ఒక్క వారమే దక్కింది. మే 28 నుంచి ఐరీన్ కారా పాడిన ‘ఫ్లాష్‌డాన్స్’ సినిమా పాట వచ్చి ఆరు వారాలు కదల్లేదు. ఇప్పుడు ‘బీట్ ఇట్’ మూడు వారాలు చూడండి. ముందు ‘కమాన్ ఐలీన్’, వెనక బోవీ, ఆ వెనక ‘ఫ్లాష్‌డాన్స్’. ఇంత రద్దీలో దొరికిన మూడు వారాలవి. ఏడుతో పోల్చి తక్కువ అని తీసిపారేసేవి కావు.

ఇంకో సంగతి. ‘బీట్ ఇట్’కి పెద్ద పోటీ బయటివాళ్లే కాదు, ‘బిల్లీ జీన్’ కూడా. ఒకే గాయకుడి రెండు సింగిల్స్ ఒకేసారి బజారులో ఉంటే ఒకదాన్ని ఇంకొకటి తినేస్తుందని కంపెనీలకు భయం. జాక్సన్ రికార్డులు వేసే ఎపిక్ రికార్డ్స్ కంపెనీలో ప్రమోషన్ చూసే ఫ్రాంక్ డిలియో మాత్రం ‘బిల్లీ జీన్’ ఇంకా పైకి వెళ్తుండగానే ‘బీట్ ఇట్’ను వదలాలని పట్టుబట్టాడు. రెండూ ఒకేసారి టాప్ 10లో ఉంటాయని అతని నమ్మకం. 1983 ఫిబ్రవరిలో సింగిల్ వచ్చింది, అతను అన్నట్టే జరిగింది. ఒక దశలో రెండూ టాప్ 5లోనే ఉన్నాయి. మీరు గ్రాఫ్ గీసినప్పుడు ఒక గీత దిగుతుంటే ఇంకోటి ఎక్కుతూ దాన్ని దాటిపోవడం కనిపిస్తుంది. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ అదే.

ఇక చార్టు పేరు సంగతి. “చార్టులో నంబర్ వన్” అని ఊరికే రాస్తే నేను మార్కులు వేయను. ఏ చార్టు? ‘బీట్ ఇట్’నే తీసుకుంటే హాట్ 100లో 1. నల్లజాతి శ్రోతల ఆదరణకు బిల్‌బోర్డ్ విడిగా వేసే బ్లాక్ సింగిల్స్ చార్టులోనూ 1. రాక్ రేడియోలో మోగే పాటలకు బిల్‌బోర్డ్ 1981లో మొదలుపెట్టిన టాప్ ట్రాక్స్ చార్టులో 14. బ్రిటన్ సింగిల్స్ చార్టులో 3. ఒకే పాట, ఒకే ఏడాది, మూడు వేర్వేరు స్థానాలు. ఏదీ అబద్ధం కాదు.

వీటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఆ 14. హాట్ 100లో ఒకటో స్థానంతో పోలిస్తే చాలామందికి అది చిన్న అంకెలా కనిపిస్తుంది. ఎవరి పాటకు ఆ 14 వచ్చిందో చూడండి. చిన్నప్పుడు మోటౌన్ కంపెనీలో అన్నలతో కలిసి పాడి పేరు తెచ్చుకుని, ‘ఆఫ్ ది వాల్’ ఆల్బమ్‌తో డిస్కో, సోల్ పాటల్లో మెరిసిన నల్లజాతి గాయకుడు అతను. అమెరికాలో ఆ రోజుల్లో ఆల్బమ్ రాక్ స్టేషన్లు చాలావరకు తెల్లవాళ్ల గిటార్ బృందాల పాటలే వేసేవి. అలాంటి స్టేషన్ల జాబితాల మీద వేసిన చార్టులో ఒక పాప్ గాయకుడి పాట పద్నాలుగో స్థానం దాకా వెళ్లిందంటే, అది మామూలు విషయం కాదు. హాట్ 100లోని 1 కంటే నేను ఈ 14నే ఎక్కువసేపు చూస్తాను.

అది ఎలా సాధ్యమైందో చెవితో వినాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్ వద్దు. మొదట్లో గంట మోగినట్టు వచ్చే శబ్దం గిటార్ కాదు, సింక్లేవియర్ అనే డిజిటల్ సింథసైజర్‌ది. తర్వాత జెఫ్ పొర్కారో డ్రమ్స్, ఆపైన పాటంతా తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస. ఆ గిటార్, బేస్ కూడా స్టీవ్ లూకథర్ వాయించాడు. పొర్కారో, లూకథర్ ఇద్దరూ టోటో బృందంవాళ్లు. మూడో నిమిషం ముగియబోతుండగా ఒక్కసారి గిటార్ చెలరేగిపోతుంది. అది వాన్ హేలెన్ అనే రాక్ బృందం గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్. అతను ఆ పనికి డబ్బు తీసుకోలేదు. సోలో మొదలయ్యే ముందు ఎవరో తలుపు తట్టినట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది, పట్టుకోండి. ఈ పాట ఉన్న ‘థ్రిల్లర్’ ఆల్బమ్ కవర్ మీది పేర్లలో జాక్సన్‌కు పాటతోపాటు డ్రమ్స్ పెట్టె మీద దరువు వేసిన పని కూడా రాసి ఉంటుంది. ఆ దరువు కోసం కూడా చెవి పెట్టండి. దొరకకపోయినా ఫరవాలేదు, మళ్లీ వినండి.

నిర్మాత క్విన్సీ జోన్స్ ఈ ఆల్బమ్‌లో ఒక గట్టి రాక్ పాట ఉండాలని కోరుకున్నాడు. ది నాక్ బృందం 1979లో కొట్టిన ‘మై షరోనా’ లాంటిది కావాలని అతని ఉద్దేశం. జాక్సన్ ‘బీట్ ఇట్’ రాసుకొచ్చాడు. ఇక్కడ లూకథర్ తర్వాత చెప్పిన ఒక విషయం మన పాఠానికి సరిగ్గా పనికొస్తుంది. ఎడ్డీ సోలో వచ్చాక దానికి దీటుగా మిగతా గిటార్లను కూడా లూకథర్ వాళ్లు బాగా మోత పెంచి వాయించారు. జోన్స్ అది మరీ కటువుగా ఉందని, గిటార్‌లో గరగర తగ్గించమని చెప్పాడు. లూకథర్ తగ్గించి మళ్లీ వాయించాడు. పాప్ స్టేషన్‌లో కూడా మోగాలి కదా! ఇప్పుడు పాట మళ్లీ పెట్టి, సోలోలో గిటార్ గొంతును, వెనక నడిచే గిటార్ గొంతును పక్కపక్కన పెట్టి వినండి. రాక్ శ్రోతకు సోలో ఉంది, పాప్ శ్రోత బెదరకుండా వెనక గిటార్ అదుపులో ఉంది. రెండు రకాల రేడియోలకూ సరిపోయేలా పాటను కట్టారు. 1 పక్కన 14 కూడా రావడానికి ఇది ఒక కారణమని నేను నమ్ముతాను.

బ్రిటన్‌లో వచ్చిన 3 గురించి కొంచెం. అక్కడి చార్టులో రేడియోకు చోటు లేదు, దుకాణాల అమ్మకాలే. 1983 జనవరి నుంచి ఆ లెక్క గాలప్ సంస్థ చూసేది. ‘బిల్లీ జీన్’ మార్చి 5 నాటి చార్టుల్లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్. అమెరికాలో ఏడు వారాలు, బ్రిటన్‌లో ఒక్క వారం. ‘బీట్ ఇట్’ బ్రిటన్‌లో పై స్థానం చేరనే లేదు. ఏప్రిల్‌లో అక్కడ బోవీ ‘లెట్స్ డాన్స్’ మూడు వారాలు ఉంది, ఆ వెంటనే స్పాండావ్ బాలే వాళ్ల ‘ట్రూ’ వచ్చింది. అమెరికాలో ‘బీట్ ఇట్’ వెనక వచ్చిన బోవీ, బ్రిటన్‌లో ముందే వచ్చి కూర్చున్నాడు.

ఆల్బమ్, సింగిల్ కలిపేసినవాళ్లకు ఒక్క ముక్క. “థ్రిల్లర్ 37 వారాలు నంబర్ వన్” అన్నది ఆల్బమ్ గురించి, ఆల్బమ్ చార్టులో. ‘థ్రిల్లర్’ అనే పాట హాట్ 100లో నాలుగో స్థానం దాటలేదు. మన తెలుగువాళ్లకు ‘దొంగ’ సినిమాలో చిరంజీవి ‘గోళీమార్’ పుణ్యమా అని ఈ ఆల్బమ్‌లో అన్నిటికంటే బాగా తెలిసిన పాట అదే కాబట్టి, అదే పెద్ద నంబర్ వన్ అయ్యుంటుందనుకుంటారు. కాదు. ఆ ఆల్బమ్ నుంచి వచ్చిన ఏడు సింగిల్స్ టాప్ 10లోకి వెళ్లాయి, ఒకటో స్థానం చేరినవి మాత్రం రెండే: ‘బిల్లీ జీన్’, ‘బీట్ ఇట్’.

కాపీల సంఖ్య కావాల్సిందే అనేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం వేరే చోటు ఉంది. అమెరికాలో ఆర్ఐఏఏ అనే రికార్డు కంపెనీల సంఘం గోల్డ్, ప్లాటినం అని గుర్తింపు ఇస్తుంది. ‘బీట్ ఇట్’ సింగిల్‌కు 1983లోనే గోల్డ్ వచ్చింది. ఇక్కడా జాగ్రత్త. ఆ రోజుల్లో సింగిల్‌కు గోల్డ్ అంటే 10 లక్షలు. 1989 నుంచి దాన్ని 5 లక్షలకు తగ్గించారు. పైగా అవి కంపెనీ దుకాణాలకు పంపిన కాపీలు, మీరూ నేనూ కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నవి కావు. గోల్డ్ అని కనిపిస్తే పక్కన ఏ సంవత్సరమో చూడకుండా అంకె రాయొద్దు.

అవార్డులు చార్టు కాదు, కాబట్టి ఒక్క పేరాతో సరి. 1984 ఫిబ్రవరి 28న గ్రామీల్లో జాక్సన్‌కు ఒక్క రాత్రిలో 8 వచ్చాయి. ‘బీట్ ఇట్’కు రికార్డ్ ఆఫ్ ది ఇయర్‌తోపాటు రాక్ విభాగంలో ఉత్తమ గాయకుడి అవార్డు కూడా. అదే రాత్రి పాప్ విభాగంలో ‘థ్రిల్లర్’కు, ఆర్ అండ్ బి విభాగంలో ‘బిల్లీ జీన్’కు ఉత్తమ గాయకుడు అతనే. మూడు విభాగాలు, మూడు పాటలు, ఒకే గొంతు. నాకు ఆ 14 ఎందుకంత ఇష్టమో ఇప్పుడు తెలుస్తుంది.

నంబర్ వన్ కాని పాటలతో కూడా సాధన చేయండి. కెల్లీ క్లార్క్‌సన్ ‘సిన్స్ యూ బీన్ గాన్’ 2005లో హాట్ 100లో రెండో స్థానం దాకా వెళ్లి ఆగింది. టీవీ పాటల పోటీలో గెలిచిన పాప్ గాయని గిటార్ల మోతతో కొట్టిన రాక్ పాట అది. అప్పుడు పైన కూర్చున్నది రాపర్ 50 సెంట్ పాట ‘క్యాండీ షాప్’, తొమ్మిది వారాలు కదల్లేదు. అయినా ‘సిన్స్ యూ బీన్ గాన్’కు 2006లో గ్రామీ వచ్చింది. రెండో స్థానం అనగానే పక్కవాడెవరో అడగడం ఇక మీకు అలవాటు కావాలి.

అభ్యాసం. ఈసారిది పెద్దది, తీరిగ్గా చేయండి, తొందర లేదు.

బిల్‌బోర్డ్ పాత సంచికలు గూగుల్ బుక్స్‌లో ఉచితంగా చదవొచ్చు. 1983 ఏప్రిల్ 9 నుంచి మే 21 దాకా ఉన్న సంచికలు తీయండి. ఎన్ని సంచికలో ముందు మన సూత్రంతో లెక్కేసుకోండి. ప్రతి సంచికలో హాట్ 100 పేజీకి వెళ్లి “ఈ వారం”, “పోయిన వారం”, “చార్టులో ఎన్ని వారాలు” అనే మూడు గడులూ ఈ ఐదు పాటలకు రాసుకోండి: ‘బిల్లీ జీన్’, ‘కమాన్ ఐలీన్’, ‘బీట్ ఇట్’, ‘లెట్స్ డాన్స్’, ‘ఫ్లాష్‌డాన్స్’. ఏదైనా పాట ఆ వారం చార్టులో లేకపోతే గడి ఖాళీగా వదలండి, సున్నా పెట్టొద్దు. తర్వాత గ్రాఫ్ కాగితం మీద నిలువు గీతలో 1 పైన ఉండేలా గీయండి. 1 కింద పెట్టి గీస్తే ఎక్కే పాట దిగుతున్నట్టు కనిపించి తికమక అవుతుంది. నేను పెన్సిలే వాడతాను. కంప్యూటర్‌లో గీస్తే బొమ్మ వస్తుంది కానీ గీతలు ఎక్కడ దాటుకున్నాయో చేతికి తెలియదు.

గ్రాఫ్ అయ్యాక మూడు పనులు. ‘బీట్ ఇట్’ గీత ‘బిల్లీ జీన్’ గీతను ఏ రెండు చార్టుల మధ్య దాటిందో రాయండి. ‘బీట్ ఇట్’ మూడు వారాల్లో ఒక్కో వారం రెండో స్థానంలో ఎవరున్నారో రాయండి. చివరిగా ‘బీట్ ఇట్’ విజయం గురించి నాలుగే నాలుగు వాక్యాలు రాయండి. ప్రతి వాక్యంలో చార్టు పేరు, తేదీ రెండూ ఉండాలి. “అమ్ముడైంది” అన్న క్రియ నాలుగింటిలో ఎక్కడా రాకూడదు. నమూనాకు ఒకటి నేనిస్తాను: “బిల్‌బోర్డ్ హాట్ 100లో ‘బీట్ ఇట్’ 1983 ఏప్రిల్ 30 నుంచి మే 14 నాటి చార్టు దాకా 3 వారాలు మొదటి స్థానంలో ఉంది, మే 21 నాటి చార్టులో ఆ స్థానానికి ‘లెట్స్ డాన్స్’ వచ్చింది.” ఇది మినహా మిగిలిన నాలుగూ మీవి.